పొద్దున్నే ఎదురొచ్చేవాళ్ళు

నడవండమ్మా అని మనుషుల్ని బతిమాలే ఉద్యోగం ఒకటుంటుందని నాకు అరవై దాటేదాకా తెలియదు. స్కూల్లో వ్యాయామం టీచరుగా ఉన్నన్నాళ్ళూ నేనెవర్నీ బతిమాలింది లేదు. విజిల్ ఊదితే వరసలో నిలబడాల్సిందే, లేదంటే గ్రౌండు చుట్టూ పరుగే. చిలకలూరిపేటలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు పిల్లల తండ్రులై కూడా బజార్లో నన్ను చూస్తే నడుం నిటారు చేస్తారు. అలాంటిదాన్ని రిటైరై ఇంట్లో కూర్చుని టీవీని తిట్టుకుంటున్న రోజుల్లో ఓ వైద్య కళాశాల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. పల్లెల్లో అరవై దాటిన ఆడవాళ్ళు మంచాన పడకుండా ఉండాలంటే వాళ్ళని రోజూ ఎలా కదిలించాలి అన్నదాని మీద పరిశోధన చేస్తున్నారట. కొన్ని ఊళ్ళలో ఒక మీటింగు పెట్టి, నడవండి, ఆరోగ్యం బాగుంటుంది అని చెప్పి వచ్చేస్తారు. కొన్ని ఊళ్ళలో మాత్రం ఒక మనిషి రోజూ తెల్లవారుజామున వెళ్ళి దగ్గరుండి నడిపిస్తుంది. ఏడాది తిరిగాక ఏ ఊరివాళ్ళ కాళ్ళు గట్టిపడ్డాయో చూస్తారు. ఆ దగ్గరుండి నడిపించే మనిషిగా నన్ను పెట్టుకున్నారు. పర్చూరు వైపు ఒక ఊరు నాకిచ్చారు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేం ముస్లింలం. మా ఆయన జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరుగా చేసేవారు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, మంచినీళ్ళడిగి, నేను గ్లాసు తెచ్చేలోపల పోయారు. తొమ్మిదేళ్ళయింది. మా ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండి, తర్వాత మళ్ళీ స్కూలుకెళ్ళి విజిల్ ఊదాను. నల్లపూసలు తీసేసిన సంగతి పిల్లలెవరూ గమనించలేదు. నా మెడలో వాళ్ళు చూసేది విజిల్ తాడే.

ఆ ఊళ్ళో నాకు మొదటి దెబ్బ కుర్చీ దగ్గర తగిలింది. పని మొదలుపెట్టే ముందు అందరి కాళ్ళ బలం చూడాలని కాలేజీ వాళ్ళు పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేశారు. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడాలి. ఇంతేగా అనుకున్నాను. పత్తి తీసి, మిరప కోసి, పొగాకు గుచ్చి బతికిన ఆడవాళ్ళు, వీళ్ళకి కుర్చీలోంచి లేవడం ఓ లెక్కా అని. లేవలేకపోయారు! ఒకావిడ ముందుకీ వెనక్కీ ఊగి, నవ్వి, మళ్ళీ ఊగి, చివరికి నా చెయ్యి పట్టుకుంది. ఇంకొకావిడ లేచి, లేచినందుకు తనే ఆశ్చర్యపోయి ధబేల్మని కూలబడింది. ఒళ్ళు విరిగేదాకా పొలంలో వంగి ఉండటం, ఇక వంగలేమన్న రోజున అరుగు మీద కూర్చుండిపోవడం, ఈ రెంటికీ మధ్య ఇంకోటి ఉంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

సరే, నడక మొదలైంది. మొదటి బస్సు దిగేసరికి ఇంకా మసక చీకటిగా ఉండేది, అందరూ పోగయ్యేసరికి వెలుగొచ్చేది. ఎండాకాలం ముంచుకొస్తోంది. మా ప్రాంతంలో ఎనిమిది దాటితే అరవై ఏళ్ళవాళ్ళనేం, ఇరవై ఏళ్ళవాళ్ళనైనా రోడ్డు మీద నడిపించలేం. అందుకే తెల్లవారుజాము పెట్టుకున్నాం. రామాలయం దగ్గర నిలబడి విజిల్ ఊదేదాన్ని. నా ట్రాక్ ప్యాంటు చూసి, "మేడమ్ గారు మగోళ్ళ లాగు ఏసుకొచ్చింది," అని నవ్వుకుంటూ ఒక్కొక్కరూ వచ్చేవాళ్ళు.

వచ్చిన ప్రతి ఆడమనిషి చేతిలో ఖాళీ పాల క్యాను ఉండేది. మూడు రోజులు చూశాను. నాలుగోరోజు ఆగలేకపోయాను.

"ఖాళీ క్యాను ఎందుకమ్మా మోస్తున్నావు? చెయ్యి నొప్పి పుట్టదూ?"

"ఊరికే చేతులూపుకుంటూ నడుస్తుంటే ఊరోళ్ళు ఊరుకుంటారా మేడమ్? కోడలు గెంటేసిందా, ఇంట్లో గొడవయ్యిందా అని అడుగుతారు. క్యాను ఉంటే పాలకెళ్తంది పోన్లే అనుకుంటారు."

"పాల కేంద్రం అటుంది, మనం ఇటు నడుస్తున్నాం కదా!"

"అంత లోతుకి ఎవరడుగుతారు లెండి," అని నా వీపు మీద చరిచి ముందుకు నడిచింది.

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. తన కాళ్ళతో తను నడవడానికి ఒక సాకు మోసుకెళ్ళాలా? అయినా నడుస్తున్నారు, అదే పదివేలు అనుకున్నాను. ఊరు నన్ను బాగానే చూసుకుంటోంది కూడా. మలుపులో మిరపకాయల లోడుతో ఒక మినీ లారీ తరచూ ఆగి ఉండేది. నేను మలుపు తిరిగి కనపడగానే స్టార్టు చేసేవాళ్ళు. "నమస్తే మేడమ్," అని టిక్కీల మీద కూర్చున్న రైతులు చేతులెత్తేవాళ్ళు. టిక్కీలంటే మిరపకాయలు కుక్కి కుట్టిన పెద్ద గోతాలు, గుంటూరు మిర్చి యార్డుకి అలాగే పోతాయి. టీచరంటే ఈ ఊళ్ళో ఇంత గౌరవమా అని నేను పొంగిపోయేదాన్ని.

ఆ మినీ లారీ తోలే అతని తల్లి గురించే నేను చెప్పాలనుకున్నది. వాళ్ళిల్లు ఆ మలుపులోనే. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. బక్కపలచగా, నిటారుగా ఉండేది. కుర్చీలోంచి ఎవర్నీ పట్టుకోకుండా లేచిన కొద్దిమందిలో ఆవిడొకతి. చెప్పులు విప్పమన్నప్పుడు చూశాను, ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. షుగరు. పుండు పడితే గుంటూరు తీసుకెళ్ళి తీయించారు. "కాలికి రక్తం సరిగ్గా ఆడటం లేదంట అమ్మాయ్. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడవకపోతే ఈసారి వేలితో పోదు, పాదం తీయాల్సొస్తుందన్నాడు," అని, ఎవరి పాదం గురించో చెబుతున్నట్టు చెప్పింది. రేపట్నుంచి వస్తావుగా పెద్దమ్మా అంటే, రాకేం, వస్తానంది.

రాలేదు. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు, ఆ నెల రాలేదు. కొడుకు బండి మాత్రం తరచూ చూస్తున్నాను. ఇంట్లోనైనా నడుస్తుందా అంటే ఆ సీజన్లో వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, పాదం మోపే చోటు లేదు. నెలాఖరున కాలేజీ నుంచి డాక్టరమ్మాయి వచ్చింది. ఈ పరిశోధనంతా చూసుకునేది ఆ పిల్లే, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుంటుంది. పెద్దమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని చీలమండ దగ్గర నాడి కోసం చాలాసేపు వెతికింది. బయటికొచ్చాక నాతో మెల్లగా, "నాడి సరిగ్గా దొరకట్లేదు మేడమ్. పక్క వేలు కూడా రంగు మారుతోంది. ఎట్లాగైనా ఈవిణ్ణి నడిపించండి," అంది.

అంతే, నాకు పంతం పట్టింది. మర్నాడు విజిల్ కూడా ఊదకుండా బస్సు దిగి సరాసరి ఆవిడ ఇంటికెళ్ళాను. గేటు దగ్గరగా వేసుంది. తోసేసరికి ఆవిడ గేటు వెనకాలే, గోడకి ఆనుకుని నిలబడుంది. స్నానం చేసి, తల దువ్వుకుని, తయారై. వీధి చివర ఇంజను చప్పుడు వింటోంది.

"రెడీగానే ఉన్నావుగా పెద్దమ్మా, పద మరి!"

"ఉండమ్మాయ్, బండి వెళ్ళనీ."

"బండి పోతే దాని దారిన అది పోతుంది. రోడ్డు అంత వెడల్పుంది, నీకూ నాకూ చోటు లేదా?" అని చెయ్యి పట్టుకుని బయటికి లాగాను.

లారీ వెనక్కి తిప్పుకుని మాకు ఎదురుగా వస్తోంది. కొడుకు తోలుతున్నాడు. మమ్మల్ని చూశాడు. బ్రేకు వేశాడు. ఇంజను ఆపేశాడు. పైన కూర్చున్న రైతులిద్దరిలో ఒకతను బీడీ తీశాడు. కొడుకు దిగి వచ్చాడు. అరుస్తాడేమో, అరిస్తే నేనూ అరుద్దాం అనుకున్నాను. అరవలేదు. "అమ్మా, లోపలికెళ్ళమ్మా," అన్నాడు. ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా అన్నాడో. ఆవిడ తల దించుకుని, "చూసుకోలేదురా," అని లోపలికి వెళ్ళిపోయింది. అతను పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. పెళ్ళాం ఇచ్చిన నీళ్ళు తాగాడు. ఆ పెళ్ళామే నీళ్ళ బిందెతో వీధిలోకొచ్చి ఎదురు నడిచింది. అప్పుడు ఎక్కి బండి తోలుకుపోయాడు.

నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. శకునాలంటే నాకు తెలియక కాదు, ఈ నేల మీదే పుట్టాను. పిల్లి ఎదురొస్తే ఆగేవాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. కానీ కన్నతల్లి కనపడితే కొడుకు బండి ఆపడం, ఆపి ఒక్క కోపం మాట కూడా అనకపోవడం, అదేదో రైల్వే గేటు పడితే ఆగినంత మామూలుగా ఆగడం! తిట్టినా బాగుండేది అనిపించింది.

లోపలికెళ్ళి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఇది?"

"మీ పెదనాన్న పోయిన కాడ్నుంచి. అందరం అంతేగా అమ్మాయ్, కొత్తేముంది?"

"లోడు లేని రోజున రావచ్చుగా?"

"ఆ రోజు ఇంకోళ్ళెవరో ఆసుపత్రికి పోతుంటారు. ఎవరో పిల్లోడు పరీక్షకి పోతుంటాడు. మనం ఎదురొచ్చాక వాళ్ళకేదన్నా అయితే? ఎందుకొచ్చిన మాట."

మళ్ళీ రోడ్డు మీదికొచ్చి, నడకకి రాని ఇళ్ళు ఒక్కొక్కటే తలుచుకున్నాను. మోకాళ్ళ నొప్పులన్నావిడ. కుక్కలంటే భయమన్నావిడ. తెల్లారి మెలకువ రాదన్నావిడ. వీళ్ళకి బద్ధకమని నేను తిట్టుకున్న ప్రతి మనిషీ భర్త పోయిన మనిషే. ఒక్కరు కూడా మినహాయింపు లేదు. ఖాళీ క్యాన్లతో వచ్చేవాళ్ళంతా పుస్తెలున్నవాళ్ళు. అబద్ధం చెప్పను, భయం వేసింది నాకా ఊరంటే.

డాక్టరమ్మాయికి ఫోన్లో చెప్పాను. "మోకాళ్ళు అడిగాం, కళ్ళు అడిగాం, రోడ్డు మీద గుంతల గురించి కూడా అడిగాం మేడమ్. ఇది అడగాలని మాలో ఒక్కరికి కూడా తట్టలేదు," అంది. "మా నాయనమ్మ కూడా పొద్దున్నే గదిలోంచి బయటికొచ్చేది కాదు. నిద్రెక్కువ అనుకునేదాన్ని."

ఏం చేద్దామంటే, సాయంత్రం నడిపిద్దాం అంది. ఊరి నమ్మకాలతో మనకి పోట్లాట వద్దు, మనకి కావలసింది వాళ్ళ కాళ్ళు బాగుపడటం అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు తప్పుకుంటే మనం కూడా తప్పుకోమని చెప్పడమేనా అని గట్టిగా అరిచాను. కానీ ఆ పిల్ల అన్నదాంట్లో న్యాయం ఉంది. పాదానికి పంతాలు తెలియవు కదా. సాయంత్రం నడిపించాను. రెండోరోజే పెద్దమ్మ గేదె పలుపు తాడు కాలికి తగిలి బోర్లా పడింది. షుగరు వల్ల మసకపడితే ఆవిడకి కళ్ళు ఆనవట. మోకాలు చెక్కుకుపోయింది. కొడుకు పరిగెత్తుకొచ్చి, రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. పసుపు పెట్టాలా, ఆయింట్‌మెంటా అని కంగారుపడ్డాడు. "చూపు ఆనదని తెలిసి సాయంకాలం నడిపిస్తారా మేడమ్?" అని నా మీద గయ్యిమన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేనతన్ని దుర్మార్గుడనుకుంటే నా పని సులువయ్యేది. తల్లంటే అంత ప్రాణం పెట్టేవాణ్ణి దుర్మార్గుడని ఎలా అనుకోను?

ఇక తెల్లవారుజాము ఒక్కటే మిగిలింది. అతనితోనే తేల్చుకుందామని ఒకరోజు నడక అయ్యాక కల్లం దగ్గరికెళ్ళాను. కల్లమంటే పొలం గట్టున కాయలు ఆరబెట్టే చోటు. ఎర్రగా కళ్ళు జిగేల్మంటున్నాయి, ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. కూలీ ఆడవాళ్ళు తెల్లబడిన తాలు కాయల్ని ఏరుతున్నారు. పెద్దమ్మ కూడా ఓ వార గోతం పరుచుకుని, మోకాలికి కట్టుతో, వాళ్ళతోపాటు ఏరుతోంది. కల్లంలో ఉంటే పర్లేదట. బండి ముందుకే రాకూడదట.

"ఏమయ్యా, మీ అమ్మ కాలు ఏమవుతుందో డాక్టరు చెప్పాడా లేదా?" అన్నాను.

"చెప్పాడండి."

"మరి పొద్దున్నే బయటికి రానివ్వవేం?"

అతను చేతిలో పార కింద పెట్టాడు. "నేనేం నమ్మనండి మేడమ్ గారూ అట్టాంటివి. మా అమ్మ ఎదురొస్తే నాకు చెడు జరుగుద్దా? కానీ బండి మీద నా ఒక్కడి కాయలే ఉండవు గదండీ. నలుగురివి ఉంటాయి. ఆ రోజు యార్డులో రేటు పడిందనుకోండి, ఫలానా ఆమె ఎదురొచ్చింది అందుకే అంటారు. మా అమ్మ ఒకళ్ళ చేత మాట పడటం నాకిష్టం లేదు. ఆవిడ కోసమే నా బాధంతా."

"బాగుంది! మాట పడకూడదని కాలు పోగొడతావన్నమాట."

"మీకు తెలీదండి, ఎదురు అనేది నిజంగానే ఉంది," అని పక్కనున్న రైతు అందుకున్నాడు. "మీ ఎదురే చూడండి. మీరొచ్చిన మొదటి వారం మీరెదురైన రోజున కాయలు మంచి ధర పలికినయ్. ఇంక అప్పట్నుంచీ మీ బస్సు వచ్చిందాకా బండి తియ్యం. టీచరమ్మ ఎదురైతే తిరుగులేదని ఊరంతా అనుకుంటంది."

నాకు ముందు అర్థం కాలేదు. మలుపులో ఆగిన బండి, చేతులెత్తి పెట్టిన నమస్కారాలు, నేను గౌరవమనుకున్నదంతా ఇదా! నా మొహాన బొట్టు ఉండదు. మావాళ్ళకి ఉండదని వాళ్ళకి తెలుసు. మెడలో విజిల్ తాడుంది. మిగతాది వాళ్ళే అనుకున్నారు. ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాల్సిన పని పడలేదు.

"మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది," అన్నాను.

కాయలేరే చేతులు ఆగిపోయాయి.

"వినపడలేదా? మీ అమ్మ ఏమిటో నేనూ అదే. సీజనంతా ఒక మొగుడు పోయిన మనిషి మొహం చూసి బండి తీశారు మీరు. రేటు పడిందా? చెప్పండి, పడిందా?"

బీడీ రైతు నా కాళ్ళ వైపు చూస్తున్నాడు. పెద్దమ్మ మాత్రం నా మొహం వైపే చూస్తూ, చేతిలో తాలు కాయ పట్టుకుని అలా ఉండిపోయింది. బస్సులో తిరిగొస్తూ నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గెలిచాననుకున్నాను. ఇంత రుజువు కళ్ళముందు పెట్టాక ఇక ఏం మిగిలింది, రేపు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని దర్జాగా నడిపిస్తాను అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు విజిల్ ఊదితే ఇద్దరే వచ్చారు. వాళ్ళు కూడా నా పక్కకి రాలేదు, రోడ్డుకి అవతలి వైపు నిలబడ్డారు. ఏమమ్మా అంటే, "ఏం లేదు మేడమ్, నీరసంగా ఉంది," అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నడిచాను. మలుపు తిరిగాను. లారీ లోడుతో ఉంది, ఇంజను ఆడుతోంది. కొడుకు స్టీరింగు ముందున్నాడు. నన్ను చూశాడు.

ఇంజను ఆపేశాడు.

పైనున్న రైతు ఇంకో రైతుతో, "కాసేపు ఆగుదాంలే," అన్నాడు. మెల్లగానే అన్నాడు, నాకు వినపడకూడదని. "నమస్తే మేడమ్" కూడా అన్నాడు, మొహం పక్కకి పెట్టి. అతనిలో కోపం లేదు, ద్వేషం లేదు. నిన్నటిదాకా నేను కనపడితే కదిలిన బండి, ఇవాళ నేను కనపడితే ఆగింది. మారింది నేను చెప్పిన ఒక్క ముక్క. వాళ్ళు రుజువు విన్నారు, కానీ దాంట్లోంచి నేను మొగుడు పోయినదాన్నన్న మాట ఒక్కటే తీసుకున్నారు.

నేను తిట్టలేదు. అరవలేదు. విజిల్ ఊదలేదు. నా అంతట నేనే గోడ వారకి జరిగాను! ఎవరూ జరగమనలేదు. వందలమంది పిల్లల్ని నిలబెట్టి, పరిగెత్తించి, మగ హెడ్మాస్టర్లతో నోరు పెట్టుకుని నెగ్గిన నేను, తలొంచుకుని, వాళ్ళ బండికి దారి వదులుతూ గోడకి ఆనుకున్నాను. చూసుకునేసరికి నా వీపుకి గోడ తగులుతోంది. గేటు వెనకాల పెద్దమ్మ ఎలా నిలబడేదో అచ్చం అలాగే నిలబడి ఉన్నాను. ఇంత తేలిగ్గా జరిగిపోతుందా ఇది మనిషికి?

అప్పుడు గేటు తెరుచుకున్న చప్పుడైంది. పెద్దమ్మ బయటికొచ్చింది. నన్ను చూసింది, గోడని చూసింది, బండిని చూసింది. నడిరోడ్డు మీదికి వచ్చి లారీకి ఎదురుగా నిలబడింది.

"ఏరా, బండి ఆపావేం?"

"ఏం లేదమ్మా. నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు కొడుకు కిటికీలోంచి.

"నన్ను చూసి కాదు, ఆమెని చూసి ఎందుకాపావురా అని అడుగుతున్నా. నన్ను చూసి ఆపావు, సర్లే, నా కొడుకే గదా ఆపింది అనుకున్నా. నలుగురి కాయలు, మనకెందుకొచ్చిన మాట అని నోరు మూసుకుని ఉన్నా. మన కోసం చీకట్నే లేచి బస్సెక్కి వచ్చే ఆడకూతుర్ని గోడకి నిలబెడతావా? సిగ్గులేదట్రా?"

"అమ్మా, పెద్దగా మాట్లాడమాకు."

"మాట్లాడతా! సీజనంతా ఆమె ఎదురొస్తేనేగా కదిలావు? ఆమె మొహం చూసేగా అమ్ముకున్నారు మీరంతా? ఆ అమ్మిన కాయలన్నీ యార్డు నుంచి వెనక్కి తీసుకొచ్చి కల్లంలో కుమ్మరించండి ముందు. అప్పుడాపండి బండి!"

టిక్కీల మీద రైతు దగ్గాడు. ఎదురింటి గేటు సందులోంచి ఇంకో ముసలావిడ తొంగి చూసింది. ఆవిడ కూడా నడకకి రానివాళ్ళలో ఒకతి. పెద్దమ్మ నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుంది. "రా అమ్మాయ్," అని నన్ను గోడ దగ్గర్నుంచి లాగింది. లారీ వైపే నడవడం మొదలుపెట్టింది. రోడ్డు మరమ్మతుకని కంకర పోసి వదిలేసిన చోటది. నేనింకా తేరుకోలేదు, ఆవిడ ఎటు లాగితే అటు నడుస్తున్నాను.

కొడుకు ఒక్కసారిగా తలుపు తీసుకుని కిందికి దూకాడు. ఆపడానికే వస్తున్నాడనుకున్నాను. కానీ అతను తల్లి మొహం చూడటం లేదు, కిందికి చూస్తున్నాడు.

"అమ్మా! ఆగు, ఆగు! చెప్పుల్లేవే!"

నేనూ అప్పుడే చూశాను. కోపంలో వట్టి కాళ్ళతో వచ్చేసింది. కంకర మీద ఉంది, వేలు తీసేసిన ఆ పాదం. అతను మమ్మల్ని దాటి ఇంట్లోకి పరిగెత్తి, షుగరువాళ్ళ కోసం అమ్మే మెత్తటి చెప్పులు పట్టుకుని, అదే పరుగున ఆవిడకి ఎదురొచ్చాడు. లోడు బండి వెనకాలుంది, రైతులు పైనుంచి చూస్తున్నారు, వీధంతా చూస్తోంది. కంకర మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పాదం చేతుల్లోకి తీసుకుని, అరికాలికి ఏమైనా గుచ్చుకుందేమోనని తడిమి చూశాడు.

"రాయి గుచ్చుకున్నా నీకు తెలీదు. పుండు పడితే కాలు తీసేస్తారమ్మా. డాక్టరు నా ముందే గదా చెప్పింది?"

"నడవకపోయినా తీసేస్తానన్నాడు," అంది పెద్దమ్మ. "అదీ నీ ముందే చెప్పాడు."

అతను పాదం వదల్లేదు. తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఒక చెప్పు తొడిగాడు.

పెద్దమ్మ కొడుకు భుజం మీద చెయ్యి ఆనించి రెండో కాలు ముందుకు చాపింది.

"ఇదీ తొడుగు. ఎండెక్కకముందే పోయి రావాలి."